నేను సిగరెట్ మానింది ఐదోసారికి

పోయిన ఆదివారం మనవాళ్ళం కలిసినప్పుడు నేను చెప్పిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రాసి గ్రూపులో పెట్టమన్నారు. కొలతల పుస్తకం, హాజరు పట్టీ తప్ప నాకు రాత అలవాటు లేదు. చెప్పింది చెప్పినట్టే రాశాను, తప్పులుంటే సర్దుకోండి.



మే 31 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం. ఆ సందర్భంగా ఎవరైనా రెండు మాటలు చెప్పాలి అనుకున్నారు. డాక్టర్‌ని పిలుద్దాం అని ఒకరన్నారు. "డాక్టర్ చెప్పేది సిగరెట్ పెట్టె మీద బొమ్మ రోజూ చెబుతూనే ఉంది. మనం చూస్తూనే కాలుస్తున్నాం. మానినవాడితో చెప్పించండి" అని ఇంకొకరన్నారు. అలా నన్ను లేపి నిలబెట్టారు.

ముందే ఒక మాట. నేను గొప్పవాణ్ణని ఇక్కడ నిలబడలేదు. నాలుగుసార్లు మానేసి నాలుగుసార్లూ మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి. ఐదోసారి నిలబడ్డాను, అది కూడా నా ఒక్కడి బలంతో కాదు. అదే చెప్పడానికి వచ్చాను.

మాది టెక్కలి దగ్గర పల్లె. పదో తరగతి అయ్యాక విశాఖపట్నంలో కంబి పనికి హెల్పర్‌గా చేరాను. పదిహేడేళ్ళు. పదకొండింటికి మేస్త్రులు పొగకి పక్కకి వెళ్ళేవారు. కాల్చేవాడికి పది నిమిషాలు విశ్రాంతి, కాల్చనివాడికి ఆ పది నిమిషాలూ పనే. వారం చూశాను, ఎనిమిదో రోజు నేనూ వెళ్ళి నిలబడ్డాను. మీలో చాలామంది కథ ఇదే అని నాకు తెలుసు. ఒక్కడూ తనంతట తాను నేర్చుకోలేదు. పక్కవాడు ఇచ్చాడు, పక్కవాడే అగ్గిపుల్ల గీశాడు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చదువు ఎంత చెప్పాడో గానీ చుట్ట కాల్చడం మాత్రం బాగా నేర్పాడు. మనకీ సైటుకో గిరీశం దొరికాడు.

ఈ ఊరికీ మనవాళ్ళకీ పొగ సంబంధం పాతది. మన తాతముత్తాతలు కోరంగి, విశాఖపట్నం రేవుల్లో పడవెక్కి రంగం వచ్చారు. కోరంగి రేవు పేరు మీదే ఇక్కడివాళ్ళు మనల్ని కొరంగీలు అన్నారు. ఓడల మీద బస్తాలు మోశారు, మిల్లుల్లో చేశారు. 1942లో యుద్ధం వచ్చినప్పుడు వేలమంది కొండలూ అడవులూ నడుచుకుంటూ ఇండియాకి తిరిగొచ్చారు. మా తాత వాళ్ళలో ఒకడని మా నాయనమ్మ చెప్పేది. ఆ చెప్పేటప్పుడు కూడా ఆమె నోట్లో చుట్ట ఉండేది. అదీ అడ్డపొగ. అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం. మా వైపు ఆడవాళ్ళకి అది బాగా అలవాటు. గాలి వీచినా నిప్పు ఆరదు, చేతులకి పని అడ్డం రాదు. నాయనమ్మ అంగిట్లో తెల్లగా పూత పూసినట్టు ఉండేది. అందరికీ అలాగే ఉంటుంది అనుకునేవాళ్ళం. చివరికి పుండు పడింది, మానలేదు. గంజి కూడా మింగలేక పోయింది.

తరవాత ఒక డాక్టర్ గారు నాకు చెప్పిన విషయం. 1960లలో బొంబాయి టాటా సంస్థ వాళ్ళు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి, పొగతాగేవాళ్ళ నోళ్ళు వేల సంఖ్యలో పరీక్ష చేశారట. తరవాతి ఏళ్ళలో ఊరికే చూసి పోకుండా, ప్రతి ఏడూ వెళ్ళి మానమని, కనీసం తగ్గించమని నచ్చజెప్పారు. ఒక్కసారి చెప్పి వదల్లేదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మానినవాళ్ళకీ, బాగా తగ్గించినవాళ్ళకీ నోట్లో ఆ మచ్చలు తగ్గడం కళ్ళారా చూశారు. మా నాయనమ్మకి మళ్ళీ మళ్ళీ చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. మేము పిల్లలం ఆమెకి నిప్పు తెచ్చిచ్చేవాళ్ళం.

ఇంత చూసి కూడా నేను రోజుకి పదిహేను కాల్చాను. ఏడాదికి 5,475. ఒక్కోదానికి ఆరు నిమిషాలు వేసుకుంటే రోజుకి గంటన్నర. కూలీలు గంటన్నర ఖాళీగా కూర్చుంటే హాజరు కోసేవాణ్ణి, నేను మాత్రం రోజూ కూర్చున్నాను.

ఇక మానిన కథలు.

మొదటిసారి పెళ్ళైన కొత్తలో. అరసవల్లి గుడిలో ఒట్టు పెట్టుకున్నాను. తొమ్మిది రోజులు. పదో రోజు కాంక్రీటు పని రాత్రి దాకా సాగింది, మిక్సర్ పాడైంది, కాంట్రాక్టర్ అరిచాడు. ఒకటి వెలిగించాను. ఒట్టు తప్పానన్న సిగ్గుతో ఇంట్లో చెప్పకుండా దొంగతనంగా కాల్చడం మొదలుపెట్టాను.

రెండోసారి గల్ఫ్‌లో ఉండగా, పాప పుట్టిందని ఫోన్ వచ్చినప్పుడు. రెండు నెలలు నిలబడ్డాను. ఇక గెలిచాను అనుకున్నాను. సెలవు మీద వెళుతున్న స్నేహితుడికి విందు చేశాం. "ఒక్కటే కదా, ఇప్పుడు నన్నేం చేస్తుంది" అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ పదిహేను.

మూడోసారి ఇక్కడికి వచ్చాక. సిగరెట్ బదులు కూన్యా వేసుకున్నాను. ఇక్కడి తమలపాకు, సున్నం, వక్క, పొగాకు. పొగ లేదు కదా, ఊపిరితిత్తులకి మంచిదే అనుకున్నాను. ఇది నాలాగే చాలామంది అనుకునే మాట, అందుకే గట్టిగా చెబుతున్నాను. పొగాకు కాల్చినా పొగాకే, నమిలినా పొగాకే. వక్క కూడా నోటికి చేటే. నోటి క్యాన్సర్‌కి ఆ రెండూ కలిస్తే మరీ దారి. మూడు నెలలకి నాకు చిగుళ్ళు మండాయి, కూన్యా మానలేదు, సిగరెట్ కూడా తిరిగొచ్చింది. ఒకటి వదిలించుకోబోయి రెండు తగిలించుకున్నాను.

నాలుగోసారి 2020 మార్చిలో. కరోనా ఊపిరితిత్తుల జబ్బు అన్నారు, భయపడి మానేశాను. భయం బాగానే పనిచేసింది, ఐదు నెలలు. ఆగస్టులో ఊళ్ళో మా అమ్మ పోయింది. మామూలుగా తిరిగే విమానాలు లేవు. వెళ్ళలేకపోయాను. తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. పక్కన ఎవరున్నారు? గదిలో నేనొక్కణ్ణే. బయటికి వచ్చి సందు చివర బడ్డీ దగ్గర, తాడుకి వేలాడే లైటర్ పట్టుకుని ఒకటి వెలిగించాను. ఆ రాత్రి పెట్టె అయిపోయింది. అమ్మకి కొరివి పెట్టలేకపోయిన చేత్తో సిగరెట్‌కి నిప్పు పెట్టాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

దాని తరవాత మూడేళ్ళు మానాలని ప్రయత్నం కూడా చెయ్యలేదు. నాతో కాదు, నా రాత ఇంతే అనుకున్నాను. నాలుగుసార్లు ఓడిపోవడం కన్నా ఈ మాట నన్ను ఎక్కువ పాడుచేసింది.

2023లో మా సైటుకి ఒక కుర్రాడు వచ్చాడు. మా జిల్లావాడే, పంతొమ్మిదేళ్ళు. హెల్పర్. వచ్చిన నెలలో పైఅంతస్తు నుంచి జాక్ జారి అతని పక్కనే పడింది. వెంట్రుకవాసిలో తప్పింది. కుర్రాడు వణికిపోతున్నాడు. నేను దగ్గరికి తీసి, కూర్చోబెట్టి, జేబులోంచి సిగరెట్ తీసి ఇచ్చాను. "కాల్చు, వణుకు తగ్గుతుంది" అన్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

నవంబరులో ఒకరోజు సెంట్రింగ్ పలకలకి పూసే ఆయిల్ డబ్బాల పక్కన అతను సిగరెట్ కాలుస్తుంటే చూశాను. అంతెత్తున లేచాను. "బుద్ధి లేదా, సైటంతా తగలబెడతావా, ఎవడు నేర్పాడు నీకు?" అన్నాను. అతను తలొంచుకుని నెమ్మదిగా అన్నాడు: "అన్నా, నాకు మొదటిది ఇచ్చింది నువ్వే కదేటి."

అందరి ముందూ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు నోట మాట రాలేదు. సాయంత్రం అతన్ని పిలిచాను. "నువ్వన్నది నిజం. నేనిచ్చాను కాబట్టి నేనే వెనక్కి తీసుకోవాలి. నేను మానుతాను, నాతో పాటు నువ్వు కూడా మాను. నేను కాలిస్తే నువ్వు నన్ను అడుగు, నువ్వు కాలిస్తే నేను నిన్ను అడుగుతాను" అన్నాను. "సూపర్‌వైజర్‌ని నేను అడగడమేటన్నా" అన్నాడు. "ఈ ఒక్క విషయంలో నువ్వే సూపర్‌వైజర్" అన్నాను.

అక్కడ మొదలైంది ఐదోసారి. ముందు నాలుగుసార్లకీ దీనికీ తేడా ఒక్కటే. ఈసారి పదిమందికి చెప్పి మానాను. ఇదివరకు ఓడిపోతే పరువు పోతుందని గుట్టుగా మానేవాణ్ణి. గుట్టుగా మానినవాడు గుట్టుగా మొదలుపెట్టడం కూడా సులువే.

గదిలో ఆరుగురం. కాల్చేవాళ్ళు నలుగురు. మానకపోయినా పరవాలేదు, గదిలో మాత్రం కాల్చొద్దు, నా ముందు పెట్టె తియ్యొద్దు అని అడిగాను. ఒప్పుకున్నారు. మా ఆవిడ రోజూ రాత్రి ఫోన్‌లో ఒక్క మాటే అడిగేది, "ఈ రోజు?" "లేదు" అంటే "సరే, అన్నం తిన్నావా" అనేది. ఉపన్యాసం లేదు, ఏడుపు లేదు. సైటు ఎదురుగా టీ కొట్టు నడిపే దొడ్డమ్మ ఇక్కడే పుట్టిన తెలుగామె. ఆమె మాట మా నాయనమ్మ మాటలాగే ఉంటుంది. విడి సిగరెట్లు ఆమె దగ్గరే కొనేవాణ్ణి. మూడో రోజు ఆగలేక వెళ్ళి చెయ్యి చాపాను. "నీకు అమ్మను బాబూ, టీ తాగి ఎల్లు" అంది. సిగరెట్లు అమ్ముకుని బతికే మనిషి నా కోసం తన బేరం వదులుకుంది. ఆ టీ తాగేసరికి ఆ తహతహ దిగిపోయింది.

ఇది మనందరికీ పనికొచ్చే విషయం. పొగ మీద మనసు లాగడం ఎంత గట్టిగా వచ్చినా కొన్ని నిమిషాలే. ఐదు, మహా అయితే పది. సిగరెట్ కాల్చినా కాల్చకపోయినా అది దిగుతుంది. ఆ పది నిమిషాలు దాటించే మనిషి పక్కన ఉంటే చాలు. నీళ్ళు తాగండి, నాలుగు అడుగులు నడవండి, ఎవరికైనా ఫోన్ చెయ్యండి.

మొదటి రెండు మూడు రోజులు అన్నిటికన్నా కష్టం. తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం, ఊరికే ఆకలి. కొందరికి దగ్గు తగ్గాల్సింది పోయి కొన్నాళ్ళు ఎక్కువవుతుంది. మానడం పడలేదు అని భయపడి మళ్ళీ మొదలుపెట్టకండి. రెండు మూడు, నాలుగు వారాల్లో ఈ బాధలు చాలావరకు తగ్గుతాయి. లాభం మాత్రం మొదటి రోజు నుంచే. ఇరవై నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో చేరిన పొగ విషవాయువు పోతుంది. ఏడాది నిలబడితే గుండెపోటు ప్రమాదం, కాల్చేవాడితో పోలిస్తే సగానికి పడిపోతుంది. పొద్దస్తమానం సిమెంటు దుమ్ము పీల్చే మన ఊపిరితిత్తులకి ఆ ఒక్క బరువైనా దించుదాం.

మన పని భాషలో చెబుతాను. స్లాబ్ వేసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీస్తామా? పైన చూస్తే గట్టిపడినట్టే ఉంటుంది, మనిషి నడవొచ్చు కూడా. అయినా పొడుగు స్లాబ్ అయితే పద్నాలుగు రోజులో ఇంకా ఎక్కువో కింద జాకీలు ఉంచుతాం, నీళ్ళు పడతాం. దాని పూర్తి బలం 28 రోజులకి లెక్కగడతాం. మానిన మనిషి కూడా అంతే. రెండో వారంలో గట్టిపడ్డాననుకుంటాడు. అప్పుడే కింద జాకీలు తీసేస్తే కూలిపోతాడు. నా జాకీలు ఆ కుర్రాడు, గదివాళ్ళు, మా ఆవిడ, దొడ్డమ్మ. నాలుగుసార్లు నేను జాకీలు లేకుండా స్లాబ్ వేశాను. తప్పు సిమెంటుది కాదు.

మరి ఐదోసారి కాలు జారలేదా అంటే, జారింది. 2024 ఏప్రిల్, తింజాన్ నీళ్ళ పండగ. సైటుకి సెలవు. బర్మా స్నేహితులతో కూర్చున్నాం. తలా ఒకటి వెలిగించారు, నాకూ ఇచ్చారు. మానేసి ఐదు నెలలు. సరిగ్గా అమ్మ పోయినప్పుడు పడిపోయిన ఐదు నెలలే. కాల్చేశాను. సగం అయ్యాక కుర్రాడికి ఫోన్ చేశాను. తిడతాడనుకున్నాను. "ఒకటే కదన్నా కాలింది, పెట్టె కాలేదు. ఆ మిగతా సగం పారేసి అక్కడే ఉండు, వస్తన్నాను" అన్నాడు. వచ్చాడు. ఇద్దరం తడిసిన బట్టలతో గదికి నడిచి వెళ్ళిపోయాం.

గోడ కడుతుంటే ఒక వరస వంకర పోతుంది. ఏం చేస్తాం? ఆ వరస విప్పి, తూకం గుండు వేలాడదీసి మళ్ళీ కడతాం. ఒక వరస వంకర పోయిందని ఇల్లంతా కూల్చం. నేను మునుపు ప్రతిసారీ ఒక్క వరసకి ఇల్లు కూల్చాను. తింజాన్ నాటి ఆ సగం తరవాత ఇంతవరకూ ఒక్కటి లేదు.

మనసు లాగలేదని చెప్పను. 2025 మార్చి 28న మాండలే వైపు భూకంపం వచ్చినప్పుడు మావాళ్ళు ఇద్దరు అటు పని మీద ఉన్నారు. సాయంత్రం దాకా ఫోన్లు కలవలేదు. కాళ్ళు వాటంతటవే బడ్డీ దగ్గరికి వెళ్ళాయి. గదివాళ్ళు వెనకే వచ్చి అటూ ఇటూ నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు. రాత్రి ఎనిమిదింటికి "క్షేమం" అని మెసేజ్ వచ్చింది. అప్పటికి నా చేతిలో ఉన్నది టీ గ్లాసే.

ఇప్పుడు మీలో తోడు నిలిచేవాళ్ళకి రెండు మాటలు. మానుతున్నవాణ్ణి ఎగతాళి చెయ్యకండి. "ఎన్నిసార్లు మానతావురా" అనే మాట నన్ను చాలాసార్లు బడ్డీ దగ్గరికి పంపింది. "ఒక్కటి కాల్చు, ఏం కాదు" అని చెయ్యి చాపకండి. మీరు మానలేకపోయినా వాడి ముందు వెలిగించకండి. పడిపోతే "మళ్ళీ ఎప్పుడు మొదలుపెడదాం" అని అడగండి, చాలు. ఒక్కసారికే మానగలిగినవాళ్ళు తక్కువ. చాలామందికి నాలాగే కొన్నిసార్లు పడుతుంది.

సెలవు మీద ఇండియా వెళ్ళేవాళ్ళు ఇది రాసుకోండి. 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. అక్కడి సిగరెట్ పెట్టెల మీదే ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు, తరవాత వాళ్ళే ఫోన్ చేసి కనుక్కుంటారు. పొగాకు కోరిక తగ్గించే నికోటిన్ గమ్ అక్కడి మందుల షాపుల్లో దొరుకుతుంది. గుండె జబ్బు, ఇంకేమైనా మందులు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి వాడండి.

ఇంకొకటి. నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే, తెల్లగానో ఎర్రగానో మచ్చ కనపడితే, నోరు పూర్తిగా తెరవలేకపోతే సెలవు దాకా ఆగొద్దు, ఇక్కడే డాక్టర్‌కి చూపించండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకైతే విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఉంది. ముందుగా పట్టుకుంటే నోటి క్యాన్సర్ కూడా నయమవుతుంది. మా నాయనమ్మ లాగ గంజి మింగలేని రోజు దాకా ఎవరూ ఉంచుకోవద్దు.

చివరికి కుర్రాడి సంగతి. అతను పూర్తిగా మానాడని చెబితే కథ బాగుంటుంది. నిజం అది కాదు. నన్ను నిలబెట్టినవాడు తను రెండుసార్లు పడిపోయాడు. సిగ్గుపడి ఈ రోజు రానన్నాడు, నేనే లాక్కొచ్చాను. వెనక వరసలో కూర్చున్నాడు. మొన్న సోమవారం నుంచి మూడోసారి మొదలుపెట్టాడు. నాకు ఐదు పట్టింది తమ్ముడూ. నీకింకా రెండు మిగిలున్నాయి, అన్నీ వాడక్కర్లేదు.

ఒక పని చేద్దాం. మానాలనుకునేవాళ్ళు ఇద్దరిద్దరు జతకట్టండి, పేర్లు నాకు పంపండి. ఎవరికైనా ఆగలేనంతగా మనసు లాగితే గ్రూపులో "ప" అని ఒక్క అక్షరం పెట్టండి. ఏం జరిగింది, ఎందుకు అని ఎవరూ అడగకూడదు. ముందు చూసినవాళ్ళు ఫోన్ చెయ్యాలి, పది నిమిషాలు మాట్లాడాలి. పంట గురించి, పిల్లల గురించి, సినిమా గురించి, ఏదైనా సరే. అర్ధరాత్రి అయినా నేను ఫోన్ ఎత్తుతాను.

మనకి పొగ నేర్పింది పక్కవాడు. మాన్పించడానికి కూడా పక్కవాడే కావాలి. మొదటి "ప" ఎవరు పెడతారో చూస్తుంటాను.